మా బావ చెవి, నా జర్మను చదువు

మొన్న పెళ్ళి ముహూర్తాలు అయిపోయిన మరుసటి వారం, నరసరావుపేటలో మా ఇంట్లో పొద్దుటి మాత్రలు ఏవో సాయంత్రం మాత్రలు ఏవో వేరు చేసుకుంటూ కూర్చుని ఉండగా మాచర్ల నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. వాళ్ళ నాన్న, అంటే మా అక్క మొగుడు, నాకు బావ, నలభై ఏళ్ళకు పైగా నడిపిన మైకుసెట్టు కొట్టును పడగొట్టి వాడు అక్కడ మేడ కట్టించబోతున్నాడు. అటక మీది సామానంతా కిందికి దించుతుంటే అన్నిటికీ అడుగున ఒక రేకుపెట్టె దొరికిందట.

"మామయ్యా, ఇందులో పెద్ద ప్లేట్లు నాలుగున్నయ్యి. అట్టల మీద ఇంగ్లీషు గాదు, ఇంకేందో భాష. పాత సామాన్లోడు బయట నిలబడున్నాడు. ఏసెయ్యమంటావా?"

నాకు నోట మాట రాలేదని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి చాలా మాటలే వచ్చాయి. అవి ప్రపంచంలో ఎక్కడా దొరకని రికార్డులనీ, వాటిని ముట్టుకోవాలంటే చేతికి తొడుగులు వేసుకోవాలనీ, ఎండ తగిలితే కరిగి కారిపోతాయనీ చెప్పాను. వాడు భయపడి సామానువాణ్ణి పంపేశాడు. అసలు కారణం మాత్రం వాడికి చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నా ఈడువాళ్ళు మీరు, మీకు చెబుతాను.

మైకుసెట్టంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కర్లేదు. పెళ్ళయినా, పుట్టువెంట్రుకలయినా, ఎలక్షనయినా, వీధి చివర స్తంభానికి వెండిరంగు హారను కట్టి దాని నోరు ఊరి వైపు తిప్పితేగాని అది జరిగినట్టు లెక్క కాదు. మాచర్లలో అలాంటి కొట్లు మూడుండేవి, వాటిలో మా బావదే పెద్దదని నేను ఎక్కడికి వెళ్ళినా చెబుతుంటాను. పెద్దది కాదు. మూడింటిలోకీ చిన్నది, స్టేషను రోడ్డులో సైకిలు షాపుకూ బట్టల కొట్టుకూ మధ్య ఇరుక్కుని ఉండేది. కానీ మిగతా ఇద్దరి హారన్లు గొంతు చించుకుని అరుస్తుంటే మా బావ హారను పాడేది, ఎందుకంటే మా బావకు చెవి ఉండేది.

ఆ చెవి ఆయనకు సంగీతం వల్ల రాలేదు, రాళ్ళ వల్ల వచ్చింది. మైకుసెట్టు పెట్టక ముందు ఆయన వాళ్ళ నాన్నతో పాటు నాపరాళ్ళ క్వారీలో పనిచేసినవాడు. పలకను నిలబెట్టి, చిన్న సుత్తితో మూడు చోట్ల తట్టి, తల ఓ పక్కకు వంచి వినేవాడు. లోపల చీలిక లేని పలక ఖణేలుమని మోగుతుంది, చీలిక ఉన్నది పైకి ఎంత నున్నగా ఉన్నా బొంగురుగా పలుకుతుంది. కంటికి కనపడని ఆ చీలికను మా బావ చెవితో పట్టుకునేవాడు. కొట్టు పెట్టుకున్న తరువాత కూడా ఇళ్ళు కట్టుకునేవాళ్ళు మెట్లకూ గట్లకూ రాళ్ళు దించుకునేటప్పుడు ఆయన్ను పిలుచుకుపోయేవారు. ఆయన ఒద్దన్న పలకను ఎవరూ దించుకునేవారు కాదు, ఎందుకొద్దని అడిగేవారూ కాదు.

నేను ఆ రోజుల్లో ఊరి బయట సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజినీరుగా పనిచేసేవాణ్ణి. మా చుట్టాల్లో చాలామందికి అలాగే తెలుసు. స్టోర్సులో గుమాస్తాను. యంత్రాలు బిగించడానికి జర్మనీ నుంచి ఒక పెద్దాయన వచ్చి ఏడాదిన్నర పాటు గెస్టుహౌసులో ఉన్నాడు. డ్యూటీ అయిపోగానే ఆయన రికార్డు ప్లేయరు పెట్టుకుని ఒక్కడే కూర్చుని వినేవాడు. సంగీతం మీద నా అభిప్రాయం తెలుసుకోవడానికి ఆయన నాకు కబురు పంపేవాడని కూడా మావాళ్ళు నమ్ముతారు. ఆయన కబురూ పంపలేదు, అభిప్రాయమూ అడగలేదు. గెస్టుహౌసులో ఏసీ ఉండేది, అంతే సంగతి. మే నెలలో మాచర్ల పెనంలా కాలుతుంటే, సంతకం కావాలన్న నెపంతో స్పేరుపార్టుల జాబితా ఒకటి పట్టుకుని వెళ్ళి ఆ చల్లటి గదిలో మూల కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆయన పొమ్మనలేదు. బిస్కట్లు కూడా పెట్టేవాడు.

అలా చల్లదనానికి వెళ్ళినవాడి చెవిలో సంగీతం పడింది. ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒక పెద్ద సింఫనీ. పదిమంది వాయిస్తే చాలక వందమందిని ఒకేచోట కూర్చోబెట్టి వాయించే మోజు ఐరోపాలో బాగా ముదిరిన కాలంలో రాసినదట. గంటన్నరకు ఓ పది నిమిషాలు తక్కువ ఉంటుంది. రెండు ప్లేట్లు, నాలుగు వైపులు. దాన్ని కట్టినాయన పేరు ఇక్కడ రాయను. నేను పలికితే జర్మనీ ఆయన నవ్వేవాడు, రాస్తే మీరు నవ్వుతారు. మొదటి భాగమంతా నడక, బరువైన నడక, పెద్ద డోళ్ళతో. రెండోది తిరనాళ్ళలా ఉంటుంది. మూడో వైపుకు వచ్చేసరికి ఒక నిదానమైన భాగం. ఫిడేళ్ళన్నీ ఒకే ఊపిరితో మొదలుపెట్టి, ఆ ఊపిరి ఎక్కడా తెగకుండా సాగదీసుకుంటూ పోతాయి. మధ్యలో ఒకచోట అన్నీ ఆగినంత పనై, ఎక్కడో దూరంగా ఒక్క కొమ్ముబూర పలుకుతుంది, క్వారీ ఈ గట్టు మీది నుంచి ఆ గట్టు మీది మనిషిని అన్నానికి పిలిచినట్టు. జవాబు రాదు. కొంచెం ఆగి మళ్ళీ పిలుస్తుంది. మళ్ళీ ఫిడేళ్ళు అందుకుంటాయి. ఆ భాగం మొత్తానికి ఆ రెండు పిలుపులే ప్రాణం.

వెళ్ళిపోయే ముందు రోజు ఆ పెద్దాయన ఆ రెండు ప్లేట్ల పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు. ప్లేయరు లేని గుమాస్తాకు రికార్డులు ఇచ్చిపోవడం ఏమిటో ఆయనకే తెలియాలి. ఏడాదిన్నరలో ఆ గదిలో చివరిదాకా నిద్రపోకుండా విన్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాడేమో. రెండు మూడుసార్లు నిద్రపోయాను, కాకపోతే కళ్ళు తెరుచుకుని.

వినాలంటే ప్లేయరు కావాలి కాబట్టి వాటిని మా బావ కొట్టుకు తీసుకుపోయాను. మొదటి రోజే గొడవ. ఆయన అప్పుడే బాగుచేసిన యాంప్లిఫైరుకు పరీక్షగా నా ప్లేటు వేసి బయటి హారనుకు కలిపాడు. ఆ బరువు నడక స్టేషను రోడ్డంతా పాకింది. అప్పట్లో ఢిల్లీలో పెద్దవాళ్ళెవరైనా పోతే రేడియోలో మాటల్లేని విషాద సంగీతం వేసేవాళ్ళు, మీకు గుర్తుండే ఉంటుంది. ఐదు నిమిషాలు గడిచాయో లేదో పక్క బట్టల కొట్టు బాబాయి తలుపు చెక్కలు సగం పెట్టేసి, కండువా చేతిలోకి తీసుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఎవురు పోయారు?" అన్నాడు మెల్లగా.

"ఎవురూ పోలేదు బాబాయ్. ఇది మా బామ్మర్ది పాట" అన్నాడు బావ.

"నీ బామ్మర్ది బానే ఉన్నాడుగా, ఈడే కూర్చుని టీ తాగుతన్నాడు."

ఆ రోజు నా పాటకు మాచర్ల బజారంతా మూతబడిందని నా రిటైర్‌మెంటు సభలో చెప్పాను. మూతబడినవి రెండు కొట్లు. అందులో ఒకటి ఆ వేళకు ఎట్లాగూ అన్నానికి మూసేదే.

బావ మొదట్లో వెక్కిరించాడు. "వందమంది కూడి ఒక్క పల్లవి తేల్చలేకపోయారేందిరా" అనేవాడు. నేను ఊరుకోకుండా, గెస్టుహౌసులో విన్నవీ విననివీ కలిపి పెద్ద పాఠం చెప్పేవాణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి హారను తీగ తీసేసి, లోపలి చిన్న పెట్టె స్పీకరుకు కలుపుకుని, మూడో వైపు వేసుకుని, గడప మీద తల ఓ పక్కకు వంచి కూర్చుని ఉన్నాడు. రాయి తట్టినప్పుడు ఎలా వంచేవాడో అలా. నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు, మాట్లాడొద్దని. ముల్లు చివరి గీత దాటిన తరువాత, "ఎవుడ్నో పిలుస్తన్నాడు గదరా వాడు" అన్నాడు. నేను ఏడాదిన్నర విన్నాను. అది పిలుపు అని నాకు తట్టింది ఆయన నోటి నుంచి విన్నాకే. పైన దాన్ని నేను కనిపెట్టినట్టు రాశాను, క్షమించండి. క్వారీ గట్టూ, అన్నానికి పిలవడమూ, అంతా మా బావ మాటే.

అప్పటి నుంచి కిరాయి లేని ప్రతి మధ్యాహ్నం అది మోగేది. నా ప్లేట్లు నేనెక్కడ తీసుకుపోతానోనని ఆయనకు బెంగ పట్టుకుంది. మద్రాసుకు సామాను కోసం వెళ్ళేటప్పుడు నా అట్ట మీది అక్షరాలను సిగరెట్టు పెట్టె లోపలి కాగితం మీద బొమ్మ గీసినట్టు గీసుకుపోయాడు. ఆయన చదివింది మూడో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, మిగతావన్నీ ఆయనకు బొమ్మలే. ఆ బొమ్మలు పట్టుకుని పాత రికార్డులమ్మే వీధిలో ఒక పూటంతా అట్టలు తిరగేసి, అవే బొమ్మలున్న పెట్టె వెతికి తెచ్చాడు. ఒకే తేడా, నా అట్ట మీద కొండ బొమ్మ ఉంటే ఆయన అట్ట మీద కళ్ళు మూసుకుని చేతులెత్తిన ఒక ముసలాయన ఫోటో ఉంది. ఆ వాద్యాలన్నిటినీ ముందు నిలబడి నడిపించే ఆయనన్నమాట.

ఒకే పాట గదా, నాది పోతే ఆయనది ఉంటుంది, అంతవరకే మేమిద్దరం అనుకున్నది. ప్లేటు వేశాక గాని తెలియలేదు, ఒకే రాతను ఇద్దరు మనుషులు చదివితే రెండవుతుందని. ఆయన మొదటిసారి విని ఫ్యాక్టరీకి మనిషిని పంపాడు, ఆదివారం నా ప్లేట్లు, ఆయన ప్లేట్లు పక్కపక్కన పెట్టి విందాం రమ్మని.

ఆ ఆదివారం పొద్దున కొట్లో బావ, నేను, టీలు పట్టుకుని వచ్చిన మా అక్క, సైకిలు షాపాయన, ఎవరూ పోలేదని ఖాయం చేసుకుని మరీ వచ్చిన బట్టల కొట్టు బాబాయి. ముందు నాది వేశాం. నాది కొత్త రికార్డింగు, తళతళలాడుతుంది. ప్రతి వాద్యం కడిగి విడివిడిగా పేర్చినట్టు వినిపిస్తుంది. డోళ్ళు క్వారీలో మందు పేల్చినట్టు పేలతాయి. నడిపేవాడు పడుచువాడేమో, ఎక్కడా ఆగడు. నిదానమైన భాగంలో కూడా కొమ్ముబూర ఫ్యాక్టరీ సైరనులా సరిగ్గా వేళకు కూస్తుంది, జవాబు రాలేదని రెండోసారి ఇంకా గట్టిగా కూస్తుంది. అందరూ బాగుందన్నారు. నేను దాన్ని నేనే వాయించినట్టు తల పంకించాను.

తరువాత బావది. పాత రికార్డింగు, వెనకాల సన్నగా పోపు చిటపటలాడుతున్నట్టు ఒక చప్పుడు. డోళ్ళు మెత్తగా, గోనెపట్టా కింద కొట్టినట్టు ఉన్నాయి. మొదటి రెండు వైపులూ నాదే గెలిచిందని నాకు ధీమా వచ్చింది. మూడో వైపు మొదలైంది. నా దానికన్నా నాలుగైదు నిమిషాలు పొడుగు. ఫిడేళ్ళు వెనక్కి తగ్గి తగ్గి, ఇక ఏమీ లేదు, ముల్లు ఎగిరిపోయిందేమో అనుకునేంత వరకు ఆ ముసలాయన ఆపాడు. అప్పుడు కొమ్ముబూర. మొదటి పలుకు కొంచెం జీరపోయింది, మనిషి గొంతు పోయినట్టే. చాలాసేపు ఆగి రెండో పిలుపు, మొదటి దానికన్నా మెల్లగా.

మా అక్క చేతిలో గ్లాసులు ఉన్నవి ఉన్నట్టే పట్టుకుని నిలబడిపోయింది. బావ ఎవరివైపూ చూడకుండా అన్నాడు, "నీ దాంట్లో వాడు వినపళ్ళేదేమోనని రెండోసారి గట్టిగా పిలుస్తన్నాడు. వీడు మెల్లగా పిలుస్తన్నాడు చూడు. రాడని తెలిసి పిలుస్తన్నాడురా వీడు."

ఈ మాటను నేను హైదరాబాదులో ఇద్దరు ముగ్గురు చదువుకున్నవాళ్ళ దగ్గర నా మాటగా చెప్పి మెప్పు పొందాను. ఇప్పుడు తిరిగి ఇచ్చేస్తున్నాను, అది ఆయనది.

నాకూ అలాగే వినిపించింది. అదే నా బాధ. ఆ తరువాత నేనన్న మాట అలా వినిపించక అన్నదైతే తెలియనితనం అనుకునేవాణ్ణి, ఇంతకాలం మోసేవాణ్ణి కాదు.  కానీ బావ ఆ వెంటనే అందరి వైపు తిరిగి, బామ్మర్ది దొరికాడంటే బావలు చేసేదే చేశాడు.

"ఏం బాబాయ్, జర్మనీ దొర ఇచ్చింది మేలా, మూడో తరగతోడు ఏరుకొచ్చింది మేలా?"

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. "మా తమ్ముడి మొహం చూడండి, రికార్డు ముల్లు గుచ్చుకున్నట్టుంది" అంది. ఉత్త వేళాకోళం. నేనూ నవ్వేసి, నీదే మేలు బావా అంటే అయిపోయేది. దానికి బదులు నేను ఆయన అట్ట చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, కళ్ళజోడు సవరించుకుని, చదవడం మొదలుపెట్టాను.

నాకు జర్మను వచ్చని ఫ్యాక్టరీలోనూ ఇంట్లోనూ ఒక పేరుండేది. ఆ పేరు నేను పెట్టుకున్నదే. నాకు వచ్చినవి ఆరు మాటలు. అందులో నాలుగు మరలకూ వాషర్లకూ సంబంధించినవి, ఒకటి నమస్కారం, ఇంకోటి ఇక్కడ రాయకూడనిది. ఆ ఆరూ ఆ అట్ట మీద లేవు. అయినా ఒక నిమిషం పాటు పెదవులు కదిలిస్తూ చదివి, అయ్యో అన్నట్టు నాలుక చప్పరించి, "బావా, ఇది అసలు బృందం కాదు. సంగీతం నేర్చుకునే పిల్లకాయలు పరీక్ష కోసం వాయించింది. అందుకే అంత నెమ్మది, వాళ్ళకు వేగం రాదు. ఆ బూర వాడికి ఊపిరి చాలక రెండోసారి మెల్లగా వచ్చింది. అంతా ఇక్కడ రాసుంది" అన్నాను.

బావ అట్ట నా చేతిలోంచి తీసుకున్నాడు. "యాడ రాసుంది?" అన్నాడు. నేను ఒక వరుస మీద వేలు పెట్టాను. ఆయన ఆ వేలి కింది బొమ్మల మీదికి వంగి చూశాడు.

"అట్టనా" అన్నాడు. "నాకు ఇంకోరకంగా వినపడిందిరా."

అంతే అన్నాడు. నవ్వలేదు, పోట్లాడలేదు. నేను ఎదురుచూసింది పోట్లాట. ఆయన వాదిస్తే నేనూ రెండు మాటలని, చివరికి నవ్వేసి ఒప్పుకునేవాణ్ణేమోనని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఒప్పుకునేవాణ్ణి కానులెండి. ఆయన రెండు ప్లేట్లనూ తుడిచి అట్టలో పెట్టి, అట్టను పెట్టెలో పెట్టాడు. నాలుగో వైపు వేయనే లేదు.

మరునాటి నుంచి మధ్యాహ్నాలు నా ప్లేట్లే మోగాయి, అదీ నేను వెళితేనే. ఆయనది మళ్ళీ ఎన్నడూ బయటికి రాలేదు. నేను అనుకోనిది ఇంకొకటి జరిగింది. కొత్త హారను కొనాలన్నా, ఏ రికార్డు తెప్పించాలన్నా "మా బామ్మర్ది విని చెప్పాలి" అనడం మొదలుపెట్టాడు. మొదట్లో వెక్కిరింత అనుకున్నాను, కాదు. రెండేళ్ళ తరువాత వాళ్ళు ఇల్లు వేసుకుంటూ మెట్లకు నాపరాళ్ళు దించినప్పుడు, మాచర్లలో సగం ఇళ్ళకు రాళ్ళు ఎంచి ఇచ్చిన మనిషి సుత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వు చూడు, నా చెవి మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు. నేను ఆ సుత్తితో ఎంతో గంభీరంగా, మూడు చోట్ల కాదు, ఐదు చోట్ల తట్టాను. ఆ మెట్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదని చెప్పాలనుంది. రెండో మెట్టు మూడో ఎండాకాలానికే పగిలింది. అక్క దాని మీద కాలు మడత పడి పడబోయి, "ఎవుడు ఏరాడో ఈ రాయి" అని ఎవరినో తిట్టింది. బావ నా పేరు చెప్పలేదు.

చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఆ తరువాత నాకు బదిలీ అయింది, ప్లేట్లు అక్కడే వదిలేశాను. క్యాసెట్లు వచ్చాయి, హారన్ల బదులు మనిషంత పెట్టెలు వచ్చాయి, వాటి ముందు ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి బావకు చెవుడు వచ్చింది. మొదట కుడి చెవి, తరువాత రెండూ. ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. చెవి మిషను పెడితే తలలో ఈల వేస్తుందని తీసి గూట్లో పెడతాడు.

మేనల్లుడి ఫోను వచ్చిన మూడో రోజు నేను రైలెక్కి మాచర్ల వెళ్ళాను. వాడు కొట్టు ముందు ఇటుకల పక్కన బల్ల వేసి, నేను చెప్పినట్టే చేతులకు ప్లాస్టిక్కు తొడుగులు వేసుకుని మరీ ఆ పెట్టె తెచ్చి పెట్టాడు. నేను ముసలాయన ఫోటో ఉన్న అట్టను తిప్పి, ఇందులో ఏం రాసుందో తెలిస్తే బాగుండు అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"దానికేముంది మామయ్యా" అని వాడు ఫోను కెమెరా దాని మీద పెట్టాడు. నేను ఆరు మాటలతో ఒక నిమిషంలో చదివిన ఆ అట్టను అది కన్ను మూసి తెరిచేలోగా తెలుగులోకి మార్చి చూపించింది, కొంచెం వంకర తెలుగు, కానీ తెలుగే. సగం వరకు ప్లేటును ఎలా తుడవాలి, ఎలా నిలబెట్టాలి అన్న జాగ్రత్తలు. ఆ పైన ఆ ముసలాయన గురించి. కుర్రతనంలో ఆయన ఆ సింఫనీ కట్టినాయన చేతి కిందే వాయించాడట. నిదానమైన భాగంలో రెండో పిలుపు మొదటిదానికన్నా మెత్తగా ఉండాలని కట్టినాయన కోరుకున్నాడట, చాలామంది దాన్ని పట్టించుకోకుండా గట్టిగా వాయిస్తారట, ఈయన మాత్రం ఎన్నడూ ఒప్పుకోలేదట. ఆనాడు నేను వేలు పెట్టి చూపించింది సరిగ్గా ఆ వరుస మీదేనని రాస్తే కథ రక్తి కడుతుంది. ఎక్కడ పెట్టానో నాకు గుర్తు లేదు. తుడవడం గురించిన వరుసే అయి ఉంటుంది.

మేనల్లుడు ఆ అట్ట బొమ్మతోనే వెతికి ఆ రికార్డింగును ఫోనులో పట్టుకున్నాడు. దాని కింద అదే సింఫనీ ఇంకో నలభై బృందాలు వాయించినవి వరుసగా ఉన్నాయి. ఇటుకల మధ్య కూర్చుని ఆ రెండు పిలుపులూ విన్నాను. బావ చెప్పినట్టే ఉంది. చెప్పినదానికన్నా ఒక్క పిసరు ఎక్కువా లేదు, తక్కువా లేదు.

అక్కడి నుంచి ఇంటికి వెళ్ళాను. బావ వసారాలో మంచం మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. పక్కన కూర్చుని, నోరు ఆయన చెవి దగ్గర పెట్టి, నలభై ఏళ్ళకు పైగా దాచిన మాట మెల్లగా చెప్పాను. "ఆఁ?" అన్నాడు. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. "గట్టిగా చెప్పరా, గొంతు పోయిందా" అన్నాడు. చివరికి లేచి నిలబడి వీధి వీధంతా వినపడేట్టు అరవాల్సి వచ్చింది, నేను అబద్ధమాడానని, నాకు జర్మను రాదని, ఆయన ప్లేటే గొప్పదని. దారిన పోయే ఆటో ఒకటి నెమ్మదించింది. లోపలి నుంచి అక్క వచ్చింది.

"ఎందుకురా అట్టా అరుస్తన్నావు? నీకు జర్మనీ రాదని నాకు తెలీదా ఏంది, ఇప్పుడు ఊరందరికీ చెప్పాలా?" అంది.

బావకు నా అరుపు ఈసారి వినపడింది. నన్ను చూసి నవ్వాడు, పళ్ళు లేని నవ్వు. ఒలిచిన పప్పులు గుప్పెడు నా చేతిలో పోశాడు.

"చిన్నప్పుడు ఒట్టి కోతలరాయుడివి. ముసలాడివయ్యాక మంచోడివయ్యావురా. నా మనసు కోసం ఇంత దూరం రైలెక్కి వచ్చి అబద్ధమాడుతన్నావు" అన్నాడు.

అబద్ధం కాదు బావా అని అరిచాను. అట్ట చూపించాను, ఫోనులో తెలుగు చూపించాను. ఆయన కళ్ళజోడు లేకుండా దాన్ని దూరంగా, దగ్గరగా పెట్టి చూసి తిరిగి ఇచ్చేశాడు. ఫోను చెవికి ఆనించాను. మర్యాదకు కాసేపు పట్టుకుని, ఏమీ వినపడక, తల అడ్డంగా ఊపాడు.

"పోనీలేరా. నాకు ఆ పొద్దు బాగుందనిపించిన మాట నిజమే. చానా బాగుందనిపించింది. కానీ పిల్లకాయలు వాయించిందని అట్ట మీదే రాసుంటే నా చెవిదేముంది" అని, పెట్టె మూత వేసి నా వైపు తోశాడు. "నువ్వే తీసుకుపో. ఈడ ఉంటే పాడైపోద్ది. నీకైతే బోధపడద్ది."

అన్నం తిని సాయంత్రం బండికి వచ్చేశాను. ఈ పదిహేను రోజుల నుంచి రోజూ మధ్యాహ్నం ఫోనులో వింటున్నాను, ఒకరోజు నాది, ఒకరోజు బావది, ఒకరోజు ఆ నలభైలో ఏదో ఒకటి. గెస్టుహౌసు ఆయన చూస్తే నమ్మేవాడు కాదు, అంత సులువుగా దొరుకుతున్నాయి. ఏ భాషలో ఏం రాసి ఉన్నా చదివి చెప్పే యంత్రం ప్రతివాడి జేబులో ఉంది, నాలాంటివాడు వేలు పెట్టి మోసం చేసే రోజులు పోయాయి, మంచిదే. అందులో విన్నవాళ్ళు ఎవరెవరో కింద రాసిన అభిప్రాయాలు కూడా చూశాను, పేజీలకు పేజీలు, ఎవరి వేగం ఎంత, ఎవరి బూర ఎలా ఉందని. రెండో పిలుపు సంగతి ఒకళ్ళిద్దరు ఎత్తారు గాని, రాడని తెలిసి పిలుస్తున్నాడని ఎవరూ అనలేదు. అది అనగలిగిన మనిషి నా పక్కనే ఉన్న రోజుల్లో, ఆయన చెవులు బాగున్న రోజుల్లో, నాకు తెలుగులో 'నీదే మేలు బావా' అన్న మూడు మాటలు నోరు తిరగలేదు. ఇప్పుడు ఆ మాటలే ఆయన ముఖం మీద అరిచి వచ్చాను, ఆయన నన్ను మంచివాణ్ణని మెచ్చుకుని పంపించాడు.